ట్యూనర్‌లో అన్ని తీగలూ సరిగ్గానే ఉన్నా కార్డ్ ఎందుకు అపశ్రుతిగా వినిపిస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: ఆరు నెలలుగా గిటార్ నేర్చుకుంటున్నారు. క్లిప్ ట్యూనర్ (గిటార్‌కి తగిలిస్తే శ్రుతి చూపించే చిన్న పరికరం) పెట్టి ఆరు తీగలూ పచ్చ లైటు వచ్చేదాకా సవరిస్తున్నారు. అయినా ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) హాయిగా ఉంటే ఇంకోటి గరగరలాడుతోంది. ఇ మేజర్ బాగుండేలా జి తీగని కాస్త దించితే సి మేజర్ చెడిపోతోంది. లోపం చెవిలోనా, గిటార్‌లోనా, ట్యూనర్‌లోనా? ట్యూనర్‌లో ఎ స్వరానికి 440 హెర్ట్జ్ బదులు 432 పెట్టుకుంటే ఈ బాధ పోతుందా?

మీ చెవి బాగుందండీ. ముందే ఈ మాట చెబుతున్నాను, ఎందుకంటే ఇదే అనుమానంతో "నాకు సంగీతం రాదు" అనుకుని వాయించడం మానేసినవాళ్ళని చూశాను. ఆరు నెలలకే ఈ తేడా పట్టుకున్నారంటే చెవి చక్కగా పనిచేస్తున్నట్టే. ట్యూనర్ కూడా చాలావరకు నిజమే చెబుతోంది.

సూటిగా జవాబు: ట్యూనర్ ఒక్కో తీగని విడిగా కొలుస్తుంది. మీ చెవి ఆ తీగలన్నీ కలిసి మోగినప్పుడు వాటి పొత్తు ఎలా ఉందో వింటుంది. మీకు వినిపిస్తున్న తేడాలో కొంత ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) అమరికలోనే ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. మిగతాది నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వల్లో, శాడిల్ (రెండో చివర బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) వల్లో, పాతబడ్డ తీగల వల్లో, నొక్కే చెయ్యి వల్లో వస్తుంది. అది పోగొట్టుకోవచ్చు. ఏది ఎంతో విడదీసి తెలుసుకుంటే సగం పని అయినట్టే. 432కీ ఈ సమస్యకీ సంబంధం లేదు, ఎందుకో కింద చెబుతాను.

ఇరవై మూడేళ్ళుగా తీగ వాద్యాలు, పియానోలు శ్రుతి చేసే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న నా దగ్గరికి ఇన్నేళ్ళలో రకరకాల రూపాల్లో వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కొలత సంగతి. తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్ అంటాం. గిటార్ తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, ఇ. వీటిలో ఎ తీగ 110. దాని పై స్థాయి 220, ఆ పైది 440. స్థాయి మారినప్పుడల్లా రెట్టింపు అవుతుంది. అంటే చెవికి పట్టేది నిష్పత్తి. అందుకే హెర్ట్జ్ లెక్కలో మాట్లాడుకుంటే చిక్కొస్తుంది. లావు ఇ తీగ 82.41 హెర్ట్జ్. అక్కడ ఒక్క హెర్ట్జ్ తేడా వస్తే స్పష్టంగా తెలిసిపోతుంది. సన్న ఇ తీగ 329.63. అక్కడ అదే ఒక్క హెర్ట్జ్ తేడా చాలామందికి పట్టదు. ఈ చిక్కు లేకుండా 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఎలిస్ అనే ఇంగ్లీషు పండితుడు స్థాయిని 1200 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని సెంట్ అన్నాడు. పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరం 100 సెంట్లు. పై ఉదాహరణలో లావు తీగ దగ్గర ఒక హెర్ట్జ్ అంటే దాదాపు 21 సెంట్లు, సన్న తీగ దగ్గర దాదాపు 5. మీ ట్యూనర్ ముల్లు కదిలేది ఈ సెంట్లలోనే. ఇక మీదట అంతా సెంట్లలోనే మాట్లాడుకుందాం.

రెండు స్వరాలు ఎప్పుడు కలుస్తాయి? వాటి కంపనాల నిష్పత్తి చిన్న అంకెల్లో ఉన్నప్పుడు. షడ్జమానికీ పై షడ్జమానికీ 1:2. షడ్జమానికీ పంచమానికీ 2:3. షడ్జమానికీ అంతర గాంధారానికీ 4:5. మేజర్ కార్డ్ అంటే ఈ సా, గా, పా కలిసి మోగడమే. సెంట్లలో చూస్తే స్వచ్ఛమైన పంచమం 702 దగ్గర, స్వచ్ఛమైన అంతర గాంధారం 386 దగ్గర ఉంటాయి.

ఇప్పుడు గిటార్ ఫ్రెట్లు చూడండి. అన్నీ వంద వంద సెంట్ల దూరంలో ఉంటాయి. ఏడో ఫ్రెట్ దగ్గర పంచమం 700. రెండు సెంట్లు తక్కువ, అది ఎవరికీ పట్టదు. నాలుగో ఫ్రెట్ దగ్గర గాంధారం 400. ఉండాల్సిన చోటికన్నా 14 సెంట్లు పైన. ఇది వినిపిస్తుంది. మీకు వినిపిస్తోంది కూడా.

మరి ఎందుకు అలా పెట్టారంటే, అన్నీ స్వచ్ఛంగా పెట్టడం లెక్క ప్రకారమే కుదరదు. ఒక స్వరం దగ్గర మొదలుపెట్టి పంచమాల మీద పంచమాలు పన్నెండు ఎక్కండి. తిరిగి మొదలుపెట్టిన స్వరమే ఏడు స్థాయిల పైన రావాలి. కానీ 3/2ని పన్నెండుసార్లు హెచ్చవేస్తే 129.75 దాకా వస్తుంది, 2ని ఏడుసార్లు హెచ్చవేస్తే 128. గుండ్రం మూసుకోదు, దాదాపు 23.5 సెంట్లు మిగిలిపోతుంది. ఆ మిగులుని ఎక్కడో ఒకచోట సర్దాలి. ఒకచోటే కుక్కితే ఆ చోట వచ్చే పంచమం భరించలేనంత ఘోరంగా ఉంటుంది. పన్నెండు పంచమాలకీ రెండేసి సెంట్లు సమానంగా పంచేస్తే ఏ శ్రుతిలో వాయించినా ఒకేలా ఉంటుంది. దీన్నే ఈక్వల్ టెంపరమెంట్ అంటారు. పంచమాలు దాదాపు బతికిపోయాయి. దెబ్బ గాంధారాల మీద పడింది.

ఈ 14 సెంట్లు ఎంతో మాటల్లో చెబితే అర్థం కాదు, వినాలి. దీనికి తంబురాని మించింది లేదు. బాగా శ్రుతి కలిసిన తంబురా మీటుతూ ఉంటే మంద్ర షడ్జమం తీగలోంచి కాసేపటికి ఒక గాంధారం తేలుతుంది. ఎవరూ మీటని స్వరం అది. ఆ తీగ ఐదో హార్మోనిక్. అంటే మూల కంపనానికి సరిగ్గా ఐదు రెట్లు, కాబట్టి అది 386 సెంట్ల దగ్గరి స్వచ్ఛమైన గాంధారం. అది వినిపిస్తుండగానే కీబోర్డ్ మీద అదే శ్రుతిలో అంతర గాంధారం నొక్కండి. రెండూ ఒరుసుకుంటాయి. కీబోర్డ్‌ది పైన ఉందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ మొదటి రోజు ఇది వినిపిస్తాను. మీ దగ్గర తంబురా లేకపోతే ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి విన్నా చాలావరకు తెలుస్తుంది.

ఇప్పుడు మీ జి తీగ దగ్గరికి వద్దాం.

ఇ మేజర్ కార్డ్ పట్టినప్పుడు గాంధారం ఎక్కడుంది? జి తీగ మొదటి ఫ్రెట్ మీద. మీరు జి తీగని దించినప్పుడు ఆ గాంధారం 386 వైపు దిగింది, కార్డ్ తియ్యగా మారింది. కానీ సి మేజర్‌లో అదే జి తీగ ఖాళీగా, అంటే ఎక్కడా నొక్కకుండా మోగుతుంది, అక్కడ అది పంచమం. పంచమం సరిగ్గా ఉన్నచోటు నుంచి దాన్ని కిందికి లాగేశారు. పైగా సి మేజర్‌లో గాంధారం రెండుచోట్ల ఉంది: డి తీగ రెండో ఫ్రెట్, ఖాళీ సన్న ఇ తీగ. అవి రెండూ 14 సెంట్లు పైన ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అందుకే అంత ఘోరంగా వినిపించింది. జి మేజర్‌లో గాంధారం బి తీగ మీద, ఎ తీగ రెండో ఫ్రెట్ మీద ఉంటుంది. ఎ మేజర్‌లో బి తీగ రెండో ఫ్రెట్. డి మేజర్‌లో సన్న ఇ తీగ రెండో ఫ్రెట్. ప్రతి కార్డూ తన గాంధారాన్ని వేరే తీగ మీద పెట్టుకుంది. ఒకదాన్ని ఓదారిస్తే ఇంకోటి ఏడుస్తుంది.

ఇంకా ఒక విషయం. ఇ మైనర్ పట్టండి. అందులో జి తీగ ఖాళీగా మోగుతుంది, అది సాధారణ గాంధారం, అంటే అంతర గాంధారానికి ఒక మెట్టు కిందిది. స్వచ్ఛమైన సాధారణ గాంధారం 316 సెంట్లు, ఫ్రెట్ లెక్కలో 300. అంటే ఇ మేజర్ జి తీగని 14 సెంట్లు దిగమంటుంది, ఇ మైనర్ అదే తీగని 16 సెంట్లు ఎక్కమంటుంది. ఒకే పాటలో రెండు కార్డులూ వస్తే మీరు ఏం చేస్తారు? ఏమీ చెయ్యలేరు. మధ్యలో ఉంచుతారు. ట్యూనర్ చూపించే సున్నా అంటే ఆ మధ్య చోటే. దీన్ని లోపం అనుకోకండి. పన్నెండు శ్రుతుల్లోనూ వాయించగలిగే సౌకర్యం కోసం అందరం కలిసి ఒప్పుకున్న సర్దుబాటు అది.

ఐదు, ఏడు ఫ్రెట్ల హార్మోనిక్స్‌తో శ్రుతి చెయ్యడం మీకు ఎవరో ఒకరు నేర్పుతారు కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. లావు ఇ తీగ ఐదో ఫ్రెట్ మీద వేలు ఆనించి మీటితే నాలుగు రెట్లు, అంటే 329.6 వస్తుంది. ఎ తీగ ఏడో ఫ్రెట్ మీద మూడు రెట్లు, 330. రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ ఒకటి కాదు. ఎ తీగ తన చోట తానుంటే ఈ రెండూ కలిసినప్పుడు రెండున్నర మూడు సెకన్లకో చిన్న అల రావాలి. ఆ అల పూర్తిగా ఆగిపోయేదాకా సవరిస్తే రెండు సెంట్లు పోయినట్టే. ఇ నుంచి ఎ, ఎ నుంచి డి, డి నుంచి జి, ఇలా మూడు మెట్లు వెళ్ళేసరికి జి తీగ ఆరు సెంట్లు దిగిపోతుంది. ఆపైన బి తీగని లావు ఇ తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌తో కలిపితే అది రెండు సెంట్లు ఎక్కుతుంది. ఇప్పుడు జి, బి తీగల మధ్య గాంధారం 408 సెంట్లు. 14 ఎక్కువగా ఉన్నదాన్ని 22 ఎక్కువ చేశామన్నమాట. ఎంతో శ్రద్ధగా శ్రుతి చేసినా జి మేజర్ పడలేదని ఒక కుర్రాడు నా దగ్గరికి దాదాపు కళ్ళనీళ్ళతో వచ్చాడు. ప్రతి అలనీ ఆపేంత ఓపికా, చెవీ ఉన్నాయి అతనికి. పద్ధతే మోసం చేసింది.

ఇంతవరకూ చెప్పింది మార్చలేనిది. ఇక మార్చగలిగేది. నా అనుభవంలో కొత్తగా నేర్చుకునేవాళ్ళ గిటార్లలో ఈ రెండో రకం తప్పే పెద్దది. పైన చెప్పిన 14 సెంట్లని ఎలాగోలా భరించవచ్చు. దాని మీద ఇంకో పదిహేను చేరితేనే కార్డ్ వినబుద్ధి కాదు.

మొదటి పరీక్ష పన్నెండో ఫ్రెట్ దగ్గర. ఒక తీగని ట్యూనర్‌లో సున్నాకి తెండి. పన్నెండో ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన వేలు ఆనించి హార్మోనిక్ మీటండి, ముల్లు ఎక్కడుందో చూడండి. ఇప్పుడు అదే ఫ్రెట్ దగ్గర మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకేచోట ఉండాలి. నొక్కినది పైన ఉంటే తీగ మోగే పొడవు తక్కువైందని అర్థం, శాడిల్‌ని మెడకి దూరంగా వెనక్కి జరపాలి. కింద ఉంటే ముందుకి. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఒక స్క్రూ తిప్పితే సరిపోతుంది. అకూస్టిక్‌లో శాడిల్ అంచుని అరగదీయాలి, లేదా మార్చాలి. అది చెయ్యి తిరిగినవాళ్ళకి వదిలెయ్యండి.

పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉన్నప్పుడు నొక్కినది ఎందుకు పైకి పోతుందని అడుగుతారేమో. నొక్కినప్పుడు తీగ కిందికి వంగుతుంది, కాస్త సాగుతుంది, బిగువు పెరుగుతుంది. బిగువు ఎంత సున్నితమైన విషయమో లెక్కగా చెబుతాను. ఎనిమిది కిలోల బిగువున్న తీగని ఒక్క సెంట్ పెంచడానికి తొమ్మిది పది గ్రాముల బిగువు చాలు. మీ వేలు కాస్త గట్టిగా దిగితే ఆ గ్రాములు ఎక్కడికి పోతాయి? అందుకే శాడిల్‌ని ముందే కొంచెం వెనక్కి పెట్టి తయారుచేస్తారు. గిటార్ శాడిల్ ఏటవాలుగా ఉండటానికి కారణం కూడా ఇదే. లావు తీగలకి ఈ సవరణ ఎక్కువ కావాలి.

రెండో పరీక్ష మొదటి ఫ్రెట్ దగ్గర. ఇది చాలామంది చెయ్యరు. ఖాళీ తీగ సున్నాలో ఉండగా మొదటి ఫ్రెట్ నొక్కి ట్యూనర్ చూడండి. పది, పదిహేను సెంట్లు పైన చూపిస్తే నట్‌లో తీగ కూర్చునే గాళ్ళు ఎత్తుగా ఉన్నాయి, తీగ ఫ్రెట్ దాకా దిగడానికి మరీ ఎక్కువ వంగుతోంది. మొదటి రెండు మూడు ఫ్రెట్లలో పట్టే కార్డులన్నీ దీనివల్ల చెడతాయి. కొత్తవాళ్ళు పట్టేవన్నీ అవే కదా! ఇ మేజర్‌లో మీ గాంధారం సరిగ్గా ఆ మొదటి ఫ్రెట్ మీదే ఉంది. 14 ఎక్కువగా ఉండాల్సింది 28 ఎక్కువగా ఉంటే మీరు జి తీగని దించాలనుకోవడంలో వింతేముంది? ఒకావిడ రెండు ట్యూనర్లు మార్చి, మూడు రకాల తీగలు మార్చి, చివరికి నా దగ్గరికి వచ్చారు. సన్నటి ఆకురాయితో నట్ గాళ్ళు ఒక్కోటి కాస్త కాస్త దించేసరికి గంటలో గిటార్ మారిపోయింది. గాడి ఒక్కసారి ఎక్కువ దిగితే తీగ ఫ్రెట్‌కి తగిలి జివ్వుమంటుంది, మళ్ళీ నట్ మార్చాల్సిందే. కాబట్టి అలవాటు లేకపోతే ఈ పని మీరే చేసుకోకండి.

పాత తీగల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చెమట, తుప్పు పట్టి, ఫ్రెట్ తగిలినచోట నొక్కులు పడి తీగ పొడవునా ఒకే బరువు ఉండదు. అలాంటి తీగ ఖాళీగా సరిగ్గా ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ తప్పుతుంది. ముందు తీగలు మార్చి, ఆ తర్వాతే పై రెండు పరీక్షలూ చెయ్యండి. కొత్త తీగలు వేశాక చేత్తో మెల్లగా లాగి సాగదీసి మళ్ళీ శ్రుతి చెయ్యండి, ఇలా మూడు నాలుగుసార్లు. నైలాన్ తీగలైతే నిలదొక్కుకోవడానికి రోజులు పడుతుంది, కంగారుపడొద్దు.

చెయ్యి సంగతి మీరే చూసుకోవాలి. ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా, స్వరం శుభ్రంగా పలికేంత బలంతోనే నొక్కండి. ట్యూనర్ పెట్టుకుని ఒక కార్డ్ పట్టి, తీగలు ఒక్కోటి మీటి చూడండి. వేలు తీగని పక్కకి లాగుతుంటే ముల్లు అక్కడికక్కడే చెబుతుంది.

ట్యూనర్ వాడే తీరు. పచ్చ లైటు అంటే కచ్చితంగా సున్నా అని కాదు. చాలా ట్యూనర్లు అటూ ఇటూ రెండు మూడు సెంట్ల వరకు పచ్చగానే చూపిస్తాయి. ఒక తీగ మూడు పైన, పక్క తీగ మూడు కింద ఉంటే రెండూ పచ్చే, కానీ మధ్యలో ఆరు సెంట్ల తేడా. లైటుని నమ్మకండి, ముల్లు చూడండి. తీగ మీటిన క్షణంలో శ్రుతి కాస్త పైన ఉండి తర్వాత దిగుతుంది. లావు తీగలు గట్టిగా మీటితే ఇది బాగా కనిపిస్తుంది. మీరు మామూలుగా ఎంత బలంతో వాయిస్తారో అంతే బలంతో మీటి, ముల్లు నిలిచాక చదవండి. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ రండి. ఎక్కువైతే బాగా దించి మళ్ళీ పైకి తెండి. దించుతూ ఆపేస్తే తీగ బిగించే కీలో, నట్ గాడిలో చిక్కుకున్న కాస్త తీగ రెండు నిమిషాల్లో జారి శ్రుతి దిగిపోతుంది. బిగిస్తున్నప్పుడు నట్ దగ్గర టిక్కుమని శబ్దం వస్తే తీగ అక్కడ పట్టేస్తోందన్నమాట, గాడిలో పెన్సిల్ గీసి ఆ పొడి పడేలా చెయ్యండి.

ట్యూనర్ లేకుండా ఒక పద్ధతి. ఇది మీకు తప్పకుండా నేర్పాలనిపించింది. కంటికన్నా చెవి దీన్లో త్వరగా పదునెక్కుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ధ్వనులు కలిసి మోగితే ఊఁ... ఊఁ... అని అలలు వస్తాయి. భౌతికశాస్త్రంలో విస్పందనాలు అని చదువుకున్నవి ఇవే. 440, 442 కలిస్తే సెకనుకి రెండు అలలు. తేడా తగ్గేకొద్దీ అల నెమ్మదిస్తుంది, కలిసిపోతే ఆగిపోతుంది. శ్రుతి చేసేవాడి పనంతా ఈ అలల్ని వినడమే.

440 ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి తీసుకోండి. ఎ తీగ ఐదో ఫ్రెట్ హార్మోనిక్ కూడా 440, దాన్ని ఫోర్క్‌తో కలపండి. ఎ తీగ కుదిరింది. ఇక మిగతా ఐదింటినీ ఈ ఒక్క తీగతోనే కలపాలి, ఒకదానితో కలిపినదాన్ని ఇంకోదానితో కలుపుతూ పోకూడదు. లావు ఇ తీగ ఐదో ఫ్రెట్ నొక్కి ఖాళీ ఎ తీగతో కలపండి. ఎ తీగ పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మోగిస్తూ దానికి డి తీగ ఏడో ఫ్రెట్, తర్వాత జి తీగ రెండో ఫ్రెట్ కలపండి. ఎ తీగ ఐదో ఫ్రెట్ హార్మోనిక్‌కి బి తీగ పదో ఫ్రెట్, సన్న ఇ తీగ ఐదో ఫ్రెట్ కలపండి. అన్నీ ఎ స్వరాలే, ఒకే స్థాయివో ఎ తీగ పై స్థాయివో. కాబట్టి అల పూర్తిగా ఆగాలి, తప్పు ఒకదాని మీద ఒకటి పేరుకోదు. హార్మోనిక్స్ వరస పద్ధతిలో ఉన్న చిక్కు ఇందులో లేదు. మొదట్లో పావుగంట పడుతుంది, నెల తిరిగేసరికి రెండు నిమిషాలు.

ఫ్రెట్లు లేని వాద్యాల కథ వేరు. వయొలిన్ తీగల్ని అల ఆగేదాకా స్వచ్ఛమైన పంచమాల్లో కలుపుతారు. ఎ 440 అయితే ఇ తీగ సరిగ్గా 660. పియానోలో అదే స్వరం 659.26. వేలుతో స్వరస్థానం తేలుస్తారు కాబట్టి గాంధారాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోగలరు. గాయకులూ అంతే. పియానో పక్కన పాడేటప్పుడు ఒకలా, తంబురా దగ్గర ఒకలా వాళ్ళ గొంతు తనంతట తానే సర్దుకోవడం మీరు శ్రద్ధగా వింటే పట్టుకోవచ్చు. పియానో శ్రుతి చేసేటప్పుడు నేను గాంధారాలని కావాలనే తప్పుగా పెడతాను. మధ్య స్థాయికి కింద ఉన్న ఎఫ్, ఎ స్వరాలు కలిసి మోగితే సెకనుకి దాదాపు ఏడు అలలు రావాలి. ఆ ఏడు వచ్చాయంటేనే 14 సెంట్లు సరిగ్గా కుదిరినట్టు. తప్పుని కూడా కొలిచి, అన్నిచోట్లా సమంగా పంచాలి.

మీరు ముందుముందు వేరేవాళ్ళతో కలిసి వాయిస్తారు కాబట్టి వేడి గురించి ఒక మాట. గది వేడెక్కితే ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. వేణువుకీ, ఫ్లూట్‌కీ సరిగ్గా వ్యతిరేకం. వేడి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి శ్రుతి సుమారు మూడు సెంట్లు ఎక్కుతుంది. ఒక కచేరీలో దీపాల వేడికి అరగంటలో గిటార్ కిందికీ ఫ్లూట్ పైకీ పోయి, ఇద్దరూ ఒకరినొకరు తప్పుపట్టుకోవడం చూశాను. ఇద్దరూ మొదట్లో సరిగ్గానే శ్రుతి చేశారు. చేసింది మాత్రం చల్లని గదిలో. వాయించే చోట, వాయించే వేడిలో, ఊది ఊది వాద్యం వేడెక్కాకే శ్రుతి కలపాలి.

ఇక 432. ఎ స్వరం ఎంత ఉండాలన్నది మనుషులు కలిసి ఒప్పుకున్న అంకె. 1859లో ఫ్రాన్స్ చట్టం చేసి 435 పెట్టింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440 అంది, 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్నే ప్రమాణంగా తీసుకుంది. ఈ రోజుకీ 442, 443 వాడే ఆర్కెస్ట్రాలున్నాయి. బరోక్ సంగీతం (17, 18 శతాబ్దాల యూరప్ సంగీతం) వాయించేవాళ్ళు ఎక్కువగా 415 వాడతారు, అది ఒక ఫ్రెట్ కింద. సెకను అన్నదే మనం పెట్టుకున్న కొలత అయినప్పుడు సెకనుకి 432 సార్లు అన్న అంకెలో మహిమ వెతకడం నాకు సరైనదిగా అనిపించదు. 440 నుంచి 432కి దిగితే 32 సెంట్లు తగ్గుతుంది. ఆరు తీగలూ కలిసి అంతే తగ్గుతాయి. వాటి మధ్య నిష్పత్తులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, మీ ఇ మేజర్, సి మేజర్ తగువు కూడా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తీగ కాస్త వదులై మెత్తగా తగలడం వల్ల కొందరికి హాయిగా అనిపించవచ్చు, పాడేవాళ్ళకి గొంతు సౌకర్యం కుదరవచ్చు. ఆ కారణంతో దించుకుంటే తప్పేమీ లేదు. నాలుగైదు వాద్యాలు కలిసే చోట మాత్రం అందరూ ఒకే అంకెకి రావాలి. ట్యూనర్‌లో ఆ 440 అంకె పొరపాటున మారిపోయి ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి, క్లిప్ ట్యూనర్లలో ఇది తరచుగా జరుగుతుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: కొత్త తీగలు వెయ్యండి, ఒక రోజు ఆగండి, పైన చెప్పినట్టు సున్నాకి తెండి. ప్రతి తీగకీ మొదటి ఫ్రెట్ దగ్గర ఎన్ని సెంట్లు, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు ఎన్ని, హార్మోనిక్‌కి ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి. తీగల మందం, గిటార్ అకూస్టిక్కో ఎలక్ట్రిక్కో కూడా చెప్పండి. ఆరు తీగలకీ మొదటి ఫ్రెట్ దగ్గరే ఎక్కువ చూపిస్తే నట్ పని. అక్కడ బాగుండి పన్నెండో ఫ్రెట్ దగ్గర తేడా ఉంటే శాడిల్. రెండుచోట్లా మూడు నాలుగు సెంట్లలోపే ఉంటే మీ గిటార్ బాగున్నట్టే, అప్పుడు ఇ మేజర్‌లో ఇంకా వినిపించేది ఆ 14 సెంట్లే. అంకెలు చూశాక ఏం చెయ్యాలో మిగతాది రాస్తాను.